యూనిట్ 7: పొరుగు చైనీయుల కిరాణా కొట్టు – మిసిసిపి డెల్టాలో కొనుగోలు, అప్పు, వర్ణభేదం

7.1 పరిచయం

గత యూనిట్‌లో సంతల గురించి, వారపు అంగళ్ల గురించి చదివారు. ఈ యూనిట్‌లో ఒక చిన్న కొట్టు గురించి తెలుసుకుంటారు. అది మన దేశంలోది కాదు. అమెరికా దక్షిణాదిన మిసిసిపి రాష్ట్రంలో, పత్తి చేల నడుమ, నల్లజాతి కూలీల ఇళ్ల పక్కనే చైనా నుంచి వచ్చిన కుటుంబాలు నడిపిన కిరాణా కొట్టు అది. సుమారు 1870ల నుంచి ఒక శతాబ్దం పాటు డెల్టాలోని అనేక పట్టణాల్లో ఇటువంటి కొట్లు నడిచాయి. గ్రీన్‌విల్ వంటి పట్టణంలో ఒక దశలో ఇవి డజన్ల కొద్దీ ఉండేవి.

యూనిట్ పూర్తయ్యేసరికి ఒక ప్రశ్నకు మీరు సొంతంగా జవాబు రాయగలగాలి. జనంలో అధిక సంఖ్య నల్లజాతివారు, భూమీ అధికారమూ తెల్లవారి చేతిలో. అటువంటి చోట ఈ రెండు వర్గాలకూ చెందని చైనీయుల చేతికి కిరాణా వ్యాపారం ఎందుకు వచ్చింది? ఈ పాఠాన్ని తరగతిలో చెప్పిన ప్రతిసారీ వెనక బెంచీ నుంచి ఒకే జవాబు వచ్చేది: "వ్యాపారం వాళ్ల రక్తంలోనే ఉంది సార్." పరీక్షలో ఆ జవాబు రాస్తే మార్కులు రావు. ఎందుకు రావో 7.4లో చూద్దాం.

7.2 ప్రాంతం, మనుషులు

డెల్టా అనగానే నది సముద్రంలో కలిసే చోటు మనకు గుర్తుకొస్తుంది. గోదావరి డెల్టా, కృష్ణా డెల్టా అలాంటివే. మిసిసిపి డెల్టా అని ఇక్కడ చెబుతున్నది నదీముఖం కాదు. మిసిసిపి, యాజూ నదుల మధ్య, టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరానికి దిగువ నుంచి విక్స్‌బర్గ్ వరకు పరుచుకున్న వరద మైదానం. నేల నల్లగా, లోతుగా ఉంటుంది. అక్కడి పంట పత్తి.

1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయింది. పెద్ద భూస్వాములకు భూమి మిగిలింది కానీ జీతం లేకుండా పనిచేసే మనుషులు లేకుండా పోయారు. విముక్తులైన నల్లజాతివారికి చేతుల్లో శక్తి ఉంది, భూమి లేదు. ఈ రెండింటి మధ్య కుదిరిన ఏర్పాటే వాటా సాగు. మన జిల్లాల్లో 'సగపాలుకు చేయడం' అంటామే, దాదాపు అదే. భూమి, ఇల్లు, కంచర గాడిదలు, విత్తనం యజమానివి, శ్రమ కుటుంబానిది, పంట చెరిసగం. పంట చేతికొచ్చేదాకా కుటుంబం తినడానికి కావలసిన సరుకులు యజమాని అప్పుగా ఇస్తాడు. ఏడాది చివర పత్తి అమ్మిన తరువాత లెక్క చూసి, అప్పు, వడ్డీ మినహాయించుకొని మిగిలింది ఇస్తాడు. మిగలకపోతే ఆ బాకీ మరుసటి ఏడాదికి వెళుతుంది. లెక్క రాసేది యజమాని గుమాస్తా. దాన్ని ప్రశ్నించే ధైర్యం గానీ చాలామందికి చదువు గానీ లేవు.

నల్లజాతి కూలీలు తమ మాట వినరన్న భయంతో భూస్వాములు మరో వైపు చూశారు. 1869లో మెంఫిస్‌లో ఒక సమావేశం జరిపి చైనా నుంచి కూలీలను రప్పించే విషయం చర్చించారు. ఆ తరువాతి ఏడాది ప్రాంతంలో తొలి చైనీయులు డెల్టాకు చేరారు. పత్తి చేలల్లో వారు ఎక్కువ కాలం నిలవలేదు. కూలి తక్కువ, పని ఎక్కువ, పైగా బానిసల స్థానంలోకి తమను దించుతున్నారని వారికి త్వరలోనే అర్థమైంది. కొందరు తోటలు వదిలి వెళ్లారు. ఆ తొలి రోజుల్లోనే ఎవరో ఒకరిద్దరు చిన్న గదిలో నాలుగు సరుకులు పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. ఆపైన వచ్చినవారిలో అత్యధికులు దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం నుంచి, అందులోనూ సీ యప్, అంటే 'నాలుగు జిల్లాలు' అని పిలిచే ప్రాంతం నుంచి వచ్చారు. వారు అక్కడ వ్యాపారులు కారు, వ్యవసాయదారులు. ఈ వాక్యం కింద గీత గీసుకోండి.

7.3 కొట్టులో కొనుగోలు ఎలా జరిగేది

ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. ఇవాళ హైదరాబాద్ నుంచి వెళ్లి న్యూయార్క్‌లోనో శాన్‌ఫ్రాన్సిస్కోలోనో ఉంటున్న మన పిల్లలు 'చైనీస్ గ్రోసరీ' అనగానే సోయా సాసు, నూడుల్స్, పుట్టగొడుగులు, లేత ఆకుకూరలు దొరికే దుకాణం అనుకుంటారు. డెల్టాలోని చైనీయుల కొట్టులో చైనా సరుకు దాదాపు ఉండేదే కాదు. యజమాని చైనీయుడు, సరుకు అమెరికన్, కొనేవారు నల్లజాతివారు. మొక్కజొన్న పిండి, గోధుమ పిండి, ఉప్పు పట్టించిన పంది మాంసం, పంది కొవ్వు, మొలాసిస్ పాకం, బియ్యం, డబ్బాల్లో సార్డిన్ చేపలు, కిరోసిన్, సబ్బు, నోట్లో పెట్టుకునే పొగాకు పొడి, పొలం పనికి వేసుకునే ముతక దుస్తులు. గల్లాపెట్టె దగ్గర పిల్లలకు మిఠాయి జాడీలు. కొట్టును సొంతదారును బట్టి పిలవాలా, సరుకును బట్టి పిలవాలా అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గాని, 7.4లోని వాదనకు అది ఉపయోగపడుతుంది.

అప్పటి పద్ధతిలో కొనేవారు సరుకును ముట్టుకోరు. మధ్యలో బల్ల, బల్ల వెనక కొట్టు యజమాని, అతని వెనక అరలు. అడిగిన వస్తువు అతను తీసి, తూచి, పొట్లం కట్టి ఇస్తాడు. మన పల్లెల్లో ఇప్పటికీ ఇదే కదా. కొనుగోలుదారు తానే బుట్ట పట్టుకొని అరల మధ్య తిరిగి వస్తువులు తీసుకొనే పద్ధతి 1916లో డెల్టా ముఖద్వారం లాంటి మెంఫిస్ నగరంలోనే, క్లారెన్స్ సాండర్స్ ప్రారంభించిన పిగ్లీ విగ్లీ దుకాణంతో మొదలైందన్నది ఒక విచిత్రం. సూపర్ మార్కెట్‌కు పునాది పడిన ఊరికి కొద్ది గంటల దూరంలోనే బల్ల వెనకాల కొట్లు మరో యాభై ఏళ్లు నడిచాయి.

తొలి తరం యజమానులకు ఇంగ్లీషు రాదు. మరి బేరం ఎలా? బల్ల దగ్గర ఒక పొడవాటి కర్ర ఉండేదట. కావలసిన వస్తువును ఆ కర్రతో చూపిస్తే యజమాని తీసి ఇచ్చేవాడు. ధర వేళ్లతో. హోల్‌సేల్ వర్తకుడి మనిషి ఆర్డరు కోసం వచ్చినప్పుడు కూడా ఇబ్బందే. అందుకని ప్రతి సరుకులోనూ చివరి డబ్బానో పొట్లాన్నో అమ్మకుండా దాచి ఉంచి, "ఇది కావాలి" అని చూపించేవారు. ఈ వివరాలు జేమ్స్ లోవెన్ అనే సామాజిక శాస్త్రవేత్త సేకరించాడు. 1960లలో హార్వర్డ్ విద్యార్థిగా డెల్టాలో తిరిగి, చైనీయులతో, నల్లజాతివారితో, తెల్లవారితో మాట్లాడి రాసిన పరిశోధన 1971లో 'ద మిసిసిపి చైనీస్' అనే పుస్తకంగా వచ్చింది. ఈ యూనిట్‌లోని విశ్లేషణకు అదే ప్రధాన ఆధారం.

తరువాత భాష వచ్చింది. ఎవరి దగ్గర నేర్చుకున్నారు? వచ్చిపోయే నల్లజాతి కొనుగోలుదారుల దగ్గరే. అందుకే డెల్టా చైనీయుల ఇంగ్లీషు వినేవారికి ఆశ్చర్యంగా ఉంటుంది. ముఖం చూస్తే కాంటన్, మాట వింటే మిసిసిపి పత్తి చేను.

కొనే పరిమాణం చాలా చిన్నది. చేతిలో అయిదు సెంట్ల నాణెం ఉంటే అయిదు సెంట్లకు సరిపడా జున్ను, రెండు ముక్కల మాంసం, కొన్ని ఉప్పు బిస్కెట్లు. మన కొట్లో "అయిదు రూపాయల నూనె పొయ్యండి, రెండు రూపాయల పోపు గింజలు కట్టండి" అన్నట్టు. చిన్న మొత్తాల్లో అమ్మడం శ్రమతో కూడిన పని; ప్రతిదీ విప్పాలి, కొయ్యాలి, తూయాలి, పొట్లం కట్టాలి. పెద్ద దుకాణం ఈ పనికి ఇష్టపడదు. తెల్లవారకముందే తలుపు తీసి, అర్ధరాత్రి దాకా, ఆదివారం కూడా తెరిచి ఉంచే కుటుంబమే దీన్ని చేయగలదు. శనివారం సాయంత్రం మాత్రం కొట్టు తిరునాళ్లలా ఉండేది. వారమంతా చేలల్లో ఉన్నవారు పట్టణానికి వచ్చే రోజు అది.

ఇక అప్పు. వాటా సాగుదారుకు తోటలోనే యజమాని సొంత దుకాణం ఒకటి ఉండేది. అక్కడ డబ్బు అక్కరలేదు, పేరు రాస్తే చాలు. ధర మాత్రం వాడు రాసిందే ధర, వడ్డీ వాడు వేసిందే వడ్డీ. చైనీయుల కొట్టు ఆ పుస్తకానికి బయట ఉంది. రోజు కూలి, బట్టలుతికితే వచ్చిన డబ్బు, కోళ్లు గుడ్లు అమ్మిన డబ్బు, ఏదైనా చేతిలో కాస్త నగదు ఉన్నప్పుడు మనిషి తన ఇష్టం వచ్చిన చోట కొనవచ్చు. వారం పదిరోజులకు చేబదులుగా సరుకు కూడా ఇచ్చేవారు. ఈ అప్పుకు చట్టపరమైన హామీ ఏమీ లేదని గుర్తుంచుకోండి. పంటపై మొదటి హక్కు భూస్వామిది. కొట్టువాడికి ఉన్నది మొహమాటం, నమ్మకం, రేపు మళ్లీ ఈ మనిషి పిండి కోసం తన దగ్గరికే రావాలన్న లెక్క. అందుకని అతను ఎవరికి ఎంత దాకా ఇవ్వాలో మనసులో గీత గీసుకొనేవాడు. వరంగల్, గుంటూరు జిల్లాల పత్తి రైతులు ఈ అధ్యాయం చదివితే యజమాని దుకాణాన్ని వెంటనే గుర్తుపడతారు. పురుగుమందులు అప్పుకిచ్చి, పత్తి తనకే తూయాలనే డీలరు వారికి కొత్త కాదు.

డబ్బు, సరుకు కాక కొట్టులో మూడవది ఒకటి మారకమయ్యేది: మర్యాద. జిమ్ క్రో అని పిలిచే ఆ వర్ణవివక్ష కాలంలో తెల్లవారి దుకాణంలో నల్లజాతి మనిషి ఎలా నిలబడాలి, ఎప్పుడు మాట్లాడాలి అన్నదానికి రాయని నియమాలు ఉండేవి. తెల్లవారు వస్తే వారి పని అయ్యేదాకా ఆగాలి. యజమానిని 'మిస్టర్' అనాలి. తనను మాత్రం ఎంత వయసున్నా పేరు పెట్టో, 'అబ్బాయ్' అనో పిలుస్తారు. టోపీ పెట్టి చూసుకోవడం, చెప్పు తొడిగి చూసుకోవడం చాలాచోట్ల కుదరదు. మన ఊళ్లలో హోటలు దగ్గర రెండు గ్లాసుల పద్ధతిని, సరుకును పైనుంచి కొంగులోకి జారవిడవడాన్ని చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. చైనీయుల కొట్టులో ఈ తతంగం చాలావరకు లేదు. వరుసలో ముందున్నవారికే ముందు సరుకు. కొన్నాక కాసేపు అరుగు మీద కూర్చొని కబుర్లు చెప్పుకున్నా ఎవరూ తరమరు.

ఇది సుఖసౌఖ్యాల ప్రశ్న అనుకోకండి. 1955 ఆగస్టులో చికాగో నుంచి బంధువుల ఇంటికి వచ్చిన ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి బాలుడు, డెల్టాలోని మనీ అనే చిన్న ఊళ్లో ఒక కిరాణా కొట్టుకు మిఠాయి కొనడానికి వెళ్లాడు. ఆ కొట్టు తెల్ల దంపతులది. కొనేవారు ఎక్కువమంది నల్లజాతి వాటా సాగుదారులే. బల్ల వెనక ఉన్న యజమాని భార్యతో మర్యాద తప్పాడన్న ఆరోపణతో కొద్ది రోజులకు అతన్ని రాత్రివేళ ఎత్తుకెళ్లి చంపారు. నిందితులైన ఆమె భర్తను, అతని సవతి సోదరుణ్ణి అందరూ తెల్లవారే ఉన్న జ్యూరీ వదిలేసింది. తరువాతి సంవత్సరం వారిద్దరూ ఒక పత్రికకు తామే చంపామని చెప్పుకున్నారు. నల్లజాతివారు ఆ కొట్టుకు వెళ్లడం మానేశారు, కొద్దికాలానికే అది మూతపడింది. ఏ కొట్టులో కొనాలన్న ఎంపిక వెనక ధర, దూరం కాక ఇంకేమి ఉండేదో ఈ సంఘటన చెబుతుంది.

7.4 ఈ వ్యాపారం చైనీయుల చేతికి ఎందుకు వచ్చింది

రక్తం సిద్ధాంతంతో మొదలుపెడదాం. సీ యప్ నుంచి వచ్చినవారు వ్యవసాయదారులని చెప్పుకున్నాం. ఒకే ప్రాంతం నుంచి బయలుదేరినవారు కాలిఫోర్నియాలో రైలు మార్గాలు వేశారు, బట్టలుతికే దుకాణాలు నడిపారు, హోటళ్లు పెట్టారు. డెల్టాలో మాత్రం దాదాపు అందరూ కిరాణా కొట్లే పెట్టారు. రక్తం ఒకటే అయితే ఈ తేడా ఎక్కడిది? తేడా చోటులో ఉంది. కాబట్టి చోటును పరిశీలించాలి.

లోవెన్ వాదన ఇలా సాగుతుంది. నల్లజాతివారి అవసరాలకు కొట్టు కావాలి, గిరాకీ ఉంది. తెల్లవాడు ఆ కొట్టు పెట్టవచ్చు. కానీ నల్లజాతివారికి బల్ల వెనక నిలబడి రెండు ముక్కల మాంసం కోసి ఇవ్వడం అతని వర్గంలో చిన్నతనం. పెట్టిన కొద్దిమందీ తమ 'మర్యాద'ను నిలబెట్టుకోవడానికి పైన చెప్పిన తతంగమంతా నడపాలి. ఆ తతంగం వల్ల కొనుగోలుదారు దూరమవుతాడు. ఇక నల్లజాతి మనిషే కొట్టు పెడితే? పెట్టుబడికి బ్యాంకు రాదు, హోల్‌సేల్ వర్తకుడు అరువు ఇవ్వడు. ఇవన్నీ దాటి పెట్టినా మరో చిక్కు. కొనేవారంతా చుట్టాలు, చర్చిలో పక్కన కూర్చునేవారు. "పిన్నీ, ఈ నెల డబ్బు లేదు" అంటే కాదనడం కష్టం. కాదంటే మనిషి పోతాడు, అవునంటే సరుకు పోతుంది. మన ఊళ్లో సొంత కులం పేటలో కొట్టు పెట్టి ఆరు నెలల్లో ఎత్తేసిన వారిని మీరూ చూసి ఉంటారు. చైనీయుడికి ఈ రెండు బరువులూ లేవు. తెల్లవారి సమాజంలో అతనికి కోల్పోవడానికి గౌరవం లేదు. నల్లజాతి సమాజంలో అతను కాదనలేని బంధుత్వం లేదు. రెండు గోడల మధ్య ఖాళీలో కొట్టు పుట్టింది. ఆ ఖాళీని కల్పించింది వర్ణవ్యవస్థే, చైనీయులు కాదు.

దీనికి చట్టం కూడా తోడైంది. 1882లో అమెరికా చైనా కూలీల రాకను నిషేధిస్తూ చట్టం చేసింది. వ్యాపారులకు మాత్రం మినహాయింపు ఉంది. వ్యాపారి అయితే చైనాకు వెళ్లి తిరిగి రావచ్చు, భార్యాబిడ్డలను తెచ్చుకోవచ్చు. కూలీ అయితే కుదరదు. వ్యాపారి అంటే ఎవరన్నది 1893లో చట్టం నిర్వచించింది: స్థిరమైన చోట, తన పేరుతో సరుకులు కొని అమ్మేవాడు, ఆ వ్యాపారానికి అవసరమైనంత మేరకు తప్ప శారీరక శ్రమ చేయనివాడు. పైగా దీనికి చైనీయులు కాని ఇద్దరు నమ్మకస్తులు సాక్ష్యం చెప్పాలి. అంటే కొట్టుపై ఉన్న పేరు పలకకు ధర కట్టలేం. అది భార్య మొహం చూడటానికి అనుమతిపత్రం. ఊళ్లోని తెల్ల వర్తకుడితో, బ్యాంకు మనిషితో తగవు పడకుండా ఉండటం ఎందుకు అవసరమో కూడా దీనివల్ల అర్థమవుతుంది. రేపు సాక్ష్యం చెప్పవలసింది వారే. ఈ నిషేధం 1943 వరకు నడిచింది. ఎత్తివేశాక కూడా ఏడాదికి 105 మందికే ప్రవేశం.

పెట్టుబడి సంగతి క్లుప్తంగా. కొత్తగా వచ్చినవాడు బాబాయి కొట్లోనో మేనమామ కొట్లోనో కొన్నేళ్లు పనిచేసేవాడు. భాష, లెక్క, హోల్‌సేల్ వర్తకుల పరిచయం అక్కడే. తరువాత బంధువులు కొంత చేతిలో పెడితే పక్క ఊళ్లో సొంత కొట్టు. అమెరికాలోని ఇతర చైనీయ సమాజాల్లో మన చిట్టీపాట వంటి పద్ధతి కూడా ఉండేదని 1972లో వచ్చిన పుస్తకంలో ఐవన్ లైట్ వివరించాడు.

ఆధిపత్య వర్గానికీ అణగారిన వర్గానికీ నడుమ వ్యాపారం చేసే ఇటువంటి సముదాయాలను 'మధ్యవర్తి అల్పసంఖ్యాకులు' అంటారు. 1973లో ఎడ్నా బొనాసిచ్ రాసిన వ్యాసంతో ఈ భావన బాగా ప్రచారంలోకి వచ్చింది. తూర్పు ఆఫ్రికాలో గుజరాతీలు, ఆగ్నేయాసియాలో చైనీయులు ఇందుకు తరచు చెప్పే ఉదాహరణలు. పైవారి కోపం, కిందివారి కోపం రెండూ ముందుగా తగిలేది వీరికే. 1972లో ఉగాండా నుంచి ఆసియా వారిని వెళ్లగొట్టడం అందరికీ తెలిసినదే. అలా వెళ్లగొట్టిన ఒక భారతీయ కుటుంబం చివరకు మిసిసిపి డెల్టాలోని గ్రీన్‌వుడ్ పట్టణంలో మోటెల్‌లో తేలడం మీరా నాయర్ తీసిన 'మిసిసిపి మసాలా' (1991) చిత్ర కథ. అధ్యయన కేంద్రంలో వీలైతే ఈ చిత్రం చూడండి. ఈ యూనిట్‌కు అది మంచి తోడు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: నల్లజాతి యజమానికి అప్పు కాదనడం ఎందుకు కష్టమో, చైనీయ యజమానికి అది ఎందుకు సులువో నాలుగు వాక్యాల్లో రాయండి. రాసిన తరువాతే తరువాతి భాగానికి వెళ్లండి.

7.5 కొట్టు వెనక గది

కొట్టు వెనకే ఇల్లు. ఒకటో రెండో గదులు. మధ్యలో ఒక తెర. తండ్రి మాంసం కోసే చోట, తల్లి గల్లాపెట్టె దగ్గర, బడి నుంచి వచ్చిన పిల్లలు డబ్బాలు సర్దుతూ, చిల్లర లెక్కపెడుతూ, వీలు చిక్కినప్పుడు బియ్యం బస్తాల మీద కూర్చొని పాఠాలు చదువుతూ పెరిగారు. జీతం లేని ఈ కుటుంబ శ్రమే తక్కువ లాభంతో కొట్టును నిలబెట్టింది. చిన్న వ్యాపారాల లెక్కల్లో సాధారణంగా రాయకుండా వదిలేసే పద్దు ఇదే.

చైనా రుచులు కొట్టులో లేవన్నాం కదా, అవి పెరట్లో ఉండేవి. ఆకుకూరలు, కాకర, బూడిద గుమ్మడి పాదులు వేసుకొనేవారు. ఊరి బేకన్‌తో వేపుడు అన్నం చేసుకొనేవారు. రెండు ప్రపంచాలు ఒకే మూకుడులో.

వెనక గది గురించి చెప్పవలసిన కష్టమైన మాట ఒకటి ఉంది. నిషేధ చట్టం వల్ల తొలి తరంలో చైనీయ స్త్రీలు బహు తక్కువ. కొందరు పురుషులు నల్లజాతి స్త్రీలతో కాపురాలు పెట్టారు, పిల్లలు పుట్టారు. తరువాతి కాలంలో తెల్లవారి ఆమోదం కోసం, ముఖ్యంగా బడి ప్రవేశాల కోసం ప్రయత్నం మొదలైనప్పుడు, చైనీయ సమాజమే ఈ కుటుంబాలను వేరుపెట్టింది. అలాంటి కాపురాలు వదులుకోమని ఒత్తిడి తెచ్చింది. లోవెన్ దీన్ని దాచకుండా రాశాడు. బల్ల దగ్గర నల్లజాతి మనిషికి దొరికిన సమానత్వానికి వెనక గది గుమ్మం దగ్గర హద్దు ఉండేది. ధరల గురించి, తూకం గురించి ఫిర్యాదులు ఏ చిన్న కొట్టుకైనా ఉంటాయి. వాటికంటే ఈ హద్దు లోతైనదని నా అభిప్రాయం.

7.6 బడి తలుపు: గాంగ్ లమ్ కేసు

బొలివర్ కౌంటీలోని రోజ్‌డేల్‌లో గాంగ్ లమ్ అనే కిరాణా వర్తకుడు ఉండేవాడు. 1924 సెప్టెంబరులో బడులు తెరిచిన మొదటి రోజున అతని కూతురు మార్తా తెల్లవారి బడికి వెళ్లింది. మధ్యాహ్నం విరామ సమయంలో, నువ్వు చైనీయురాలివి కనుక ఇక్కడ చదవడానికి వీలులేదని చెప్పి పంపేశారు. 1890 నాటి మిసిసిపి రాజ్యాంగం ప్రకారం తెల్ల పిల్లలకు ఒక బడి, 'రంగు' పిల్లలకు ఒక బడి. మార్తా ఏ రంగు?

తండ్రి కోర్టుకెక్కాడు. అతని తరఫున వాదించినవారిలో రాష్ట్ర మాజీ గవర్నరు ఎర్ల్ బ్రూవర్ ఉన్నాడు. కింది కోర్టులో గెలిచారు, 1925లో రాష్ట్ర సుప్రీంకోర్టులో ఓడారు. 1927 నవంబరు 21న అమెరికా సుప్రీంకోర్టు, ప్రధాన న్యాయమూర్తి విలియం హోవర్డ్ టాఫ్ట్ రాసిన ఏకగ్రీవ తీర్పులో, పిల్లలను ఇలా వర్గీకరించే అధికారం రాష్ట్రానికి ఉందని తేల్చింది. మార్తా నల్లజాతి పిల్లల బడికే వెళ్లాలి. కుటుంబం నది దాటి ఆర్కాన్సా రాష్ట్రంలోని ఎలైన్‌కు వెళ్లిపోయింది.

విద్యార్థులు ఈ కేసును వర్ణవివక్షపై పోరాటంగా రాస్తుంటారు. తీర్పును శ్రద్ధగా చదవాలి. వేరు బడులు ఉండటం తప్పని లమ్ తరఫున వాదించలేదు. తమ బిడ్డను తప్పు వైపు పెట్టారని మాత్రమే వాదించారు. నల్లజాతి పిల్లల బడికి వచ్చే నిధులు ఎంత స్వల్పమో, ఆ గది ఎలా ఉండేదో తెలిసిన తండ్రి తన బిడ్డ కోసం చేసిన పని అది. తన కొట్టులో రోజూ సరుకు కొనేవారి పిల్లలు చదివే బడి అది. ఈ ఇరుకు నుంచి అతను బయటపడే దారి ఆ వ్యవస్థలో లేదు. వేరు బడులే రాజ్యాంగ విరుద్ధమని అదే కోర్టు చెప్పడానికి 1954 దాకా పట్టింది. ఈ మధ్యకాలంలో కొన్నిచోట్ల చైనీయ పిల్లలకు విడిగా బడులు పెట్టారు. 1937లో క్లీవ్‌లాండ్‌లో బాప్టిస్టుల సాయంతో వచ్చిన చైనీస్ మిషన్ స్కూలు వాటిలో పేరున్నది.

7.7 కొట్లు మూతపడటం

1944లో క్లార్క్స్‌డేల్ దగ్గరి హాప్సన్ తోటలో నాటడం నుంచి ఏరడం దాకా పత్తి పంట పూర్తిగా యంత్రాలతో పండించారు. యంత్రం వచ్చాక వాటా సాగుదారుతో పని లేదు. నల్లజాతి కుటుంబాలు రైలెక్కి చికాగో దారి పట్టాయి. వలసలు అంతకుముందే మొదలయ్యాయి, ఇప్పుడు ఊపందుకున్నాయి. కొనేవారు వెళ్లిపోతే కొట్టు ఎవరికోసం? మిగిలినవారికి కారు, రోడ్డు, సూపర్ మార్కెట్ అందుబాటులోకి వచ్చాయి. పౌరహక్కుల ఉద్యమం తరువాత ఏ దుకాణంలోనైనా తలెత్తుకొని నిలబడే హక్కు చట్టంలోకి వచ్చింది. చైనీయుల కొట్టుకు ఉన్న ప్రత్యేకత ఆ మేరకు తగ్గింది. ఇది జరగవలసిన తగ్గుదలే.

కొట్టువారి పిల్లలకు తెల్లవారి బడులు, కళాశాలలు తెరుచుకున్నాక వారు ఇంజినీర్లు, ఫార్మసిస్టులు, ఆచార్యులు అయి హ్యూస్టన్‌కో కాలిఫోర్నియాకో వెళ్లారు. బస్తాల మీద చదివించిన తల్లిదండ్రుల ఉద్దేశమూ అదే. కొట్టు పిల్లలకు అప్పగించడానికి పెట్టింది కాదు, పిల్లలు దాటిపోవడానికి వేసిన మెట్టు. తండ్రి మరణించగానే తాళం పడిన కొట్లు అనేకం. క్లీవ్‌లాండ్‌లోని డెల్టా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఈ కుటుంబాల ఫోటోలు, త్రాసులు, గల్లాపెట్టెలు ఉన్న మ్యూజియం ఉంది. గ్రీన్‌విల్‌లో చైనీయుల శ్మశానవాటిక ఉంది. 2025లో వచ్చిన 'సిన్నర్స్' సినిమాలో 1932 నాటి క్లార్క్స్‌డేల్ వీధికి ఇరువైపులా ఒకే చైనీయ దంపతులకు రెండు కొట్లు చూపిస్తారు; ఒకవైపుది నల్లజాతివారికి, రెండోవైపుది తెల్లవారికి. వీధి దాటడానికి పట్టే నాలుగడుగులను దర్శకుడు శ్రద్ధగా చిత్రించాడు.

7.8 కృత్యం

మీ పేటలో లేదా ఊళ్లో కనీసం పదేళ్లుగా నడుస్తున్న ఒక కిరాణా కొట్టును ఎంచుకోండి. యజమానిది ఆ పేటవారి కులం, ప్రాంతం కాకపోతే మరీ మంచిది. రాజస్థాన్ నుంచి వచ్చినవారి కొట్టయినా సరే. అనుమతి అడిగి, ఒక ఉదయం, ఒక సాయంత్రం బల్ల పక్కన కూర్చోండి. అరువు ఎవరికి ఇస్తున్నారు, ఎంత దాకా ఇస్తున్నారు, కాదనవలసినప్పుడు ఏ మాటతో కాదంటున్నారు అన్నది రాసుకోండి. ఖాతా పుస్తకంలోని పేర్లు ఎక్కడా రాయకండి. ఫోన్‌తో చెల్లింపులు వచ్చాక చిల్లర అప్పు పెరిగిందా తగ్గిందా అని యజమానినీ, కొనేవారినీ విడివిడిగా అడగండి. ఇద్దరి జవాబులూ తరచుగా కలవవు. కలవని చోటే మీ నివేదికను మొదలుపెట్టండి. ఆరు పుటలకు మించకుండా రాసి అధ్యయన కేంద్రంలో అందజేయండి.